పాట ప్రతి ఫోన్‌లో ఉంది.. పేరే లేదు! మన నెల్లూరు ఆత్రేయ కథ ఇదీ

నెల్లూరు నుంచి మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటలు, కొబ్బరి చెట్లు, ఆ తర్వాత సముద్రం. ఆదివారం సాయంత్రం అయితే ఇసుక మీద బైకులు, ఆటోలు, పిల్లలతో ఫ్యామిలీలు. అలల ముందు నిలబడి ఓ వీడియో తీయడం, ఇంటికి చేరేలోపు దానికో పాట తగిలించి స్టేటస్ పెట్టేయడం మామూలే. సముద్రం ఉంటే మరో చరిత్ర పాట. మనసు బాగోలేకపోతే అభినందన పాట. మొదటిది 1978 సినిమా, రెండోది 1988 సినిమా. హీరోలు వేరు, మ్యూజిక్ డైరెక్టర్లు వేరు. రాసింది మాత్రం ఒక్కరే. ఆచార్య ఆత్రేయ.

పాట కింద హీరో పేరు ఉంటుంది. బాలు పేరు, జానకి పేరు, ఇళయరాజా పేరు కూడా ఉంటాయి. రాసినాయన పేరు చాలాసార్లు ఉండదు. అందుకే ఆ పాట నోటికొచ్చిన వాళ్లలో కూడా చాలామందికి ఆయనెవరో తెలీదు. ఆయన ఇదే తీరంలో, ఇదే నెల్లూరు జిల్లాలో పుట్టారన్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆత్రేయ పోయి మూడు దశాబ్దాలు దాటిపోయింది. పాటలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన అభిమానుల బాధంతా ఈ తేడా గురించే.

మైపాడు నుంచి తీరం వెంట దక్షిణంగా వెళ్తే పులికాట్ సరస్సు పక్కన సూళ్లూరుపేట వస్తుంది. ఇప్పుడు ఆ పేరు వినగానే అందరికీ శ్రీహరికోట, రాకెట్లే గుర్తొస్తాయి. ఆ సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921 మే 7న పుట్టారు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి సీతమ్మ. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అయినా నెల్లూరోళ్లు ఆత్రేయను వదులుకోలేదు, వదులుకోరు కూడా.

ఇంతకీ ఆత్రేయ అన్నది ఇంటిపేరు కాదు, గోత్రం పేరు. గోత్రాన్ని కలం పేరుగా పెట్టుకుని, సొంత పేరు చివర్లోని ఆచార్యను తెచ్చి దాని ముందు తగిలించుకున్నారు. కిళాంబి వెంకట నరసింహాచార్యులు అంటే ఇప్పుడు తలతిప్పి చూసేవాళ్లు ఉండరు.

గుమాస్తా నుంచి నాటకాల దాకా

సినిమాలోకి రాకముందు ఆయన జీవితం ఓ చిన్న ఉద్యోగి జీవితం. స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో ఉద్యమంలోకి వెళ్లి జైలు చూశారు. తర్వాత పొట్టకూటి కోసం నెల్లూరు మున్సిఫ్ కోర్టులో కొన్నాళ్లు, తిరుత్తణి సెటిల్‌మెంట్ ఆఫీసులో గుమాస్తాగా కొన్నాళ్లు పనిచేశారు. నెల్లూరు నుంచి వచ్చే జమీన్ రైతు పత్రికలో సహాయ సంపాదకుడిగా ఉన్నారు. గూడూరులో ఓ నాటక సంఘానికి జీతం మీద నాటకాలు రాసిచ్చారు. అవును, నెల జీతానికి నాటకాలు రాసే ఉద్యోగం! ఇవాళ వినడానికి వింతగా ఉంటుంది కానీ, నాటకం అంటే ఊరంతా కదిలొచ్చే రోజులవి.

ఆ రోజుల్లోనే ఆత్రేయ పేరు మోగిపోయింది. ఎన్.జి.ఓ నాటకం ఇందులో ముఖ్యమైంది. ఒకటో తారీకు వచ్చే జీతం పదో తారీకుకే ఖాళీ అయిపోయే చిన్న గవర్నమెంటు గుమాస్తా కథ అది. రాజులు, రాణులు, కిరీటాల పద్యనాటకాలు నడుస్తున్న స్టేజీ మీదికి చిరిగిన చొక్కా గుమాస్తాను తీసుకొచ్చి నిలబెట్టారు. ఆ ఉద్యోగం చేసిన మనిషే రాశాడు కాబట్టి ప్రతి మాటా తగిలింది. విశ్వశాంతి, కప్పలు, భయం, పరివర్తన లాంటివి కూడా ఆయనవే. పాటల ఆత్రేయను అర్థం చేసుకోవాలంటే ఈ నాటకాల ఆత్రేయను ముందు చూడాలి. స్టేజీ మీద మాట చివరి వరసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా ఒక్కసారి వినగానే అర్థం కావాలి. మళ్లీ వెనక్కి తిప్పి చూసుకునే చాన్స్ ఉండదు. ఆయన పాటలన్నిటి వెనకా ఈ ట్రైనింగ్ ఉంది. డిక్షనరీ వెతుక్కోవాల్సిన పదం ఆయన పాటలో దొరకడం కష్టం.

1951లో కె.ఎస్.ప్రకాశరావు తీసిన దీక్ష సినిమాతో పాటల రచయితగా మద్రాసులో అడుగుపెట్టారు. అక్కడి నుంచి మాటలు, పాటలు రెండూ రాశారు. 1955లో అర్ధాంగి, 1957లో తోడికోడళ్లు.. అలా పని పెరుగుతూ పోయింది. మొత్తం మీద వెయ్యికి పైగా పాటలు రాశారు.

ఎవరి పాట ఎవరి ఖాతాలో?

తోడికోడళ్లు దగ్గర ఓ నిమిషం ఆగాలి. అందులో నాగేశ్వరరావు, కారులో షికారుకెళ్లే డబ్బున్న అమ్మాయిని ఉద్దేశించి ఘంటసాల గొంతుతో ఓ పాట పాడతారు. ఆ సుఖం వెనక ఎవరి చెమట ఉందో నవ్వుతూనే అడిగే పాట అది. కష్టజీవి తరఫున మాట్లాడింది కదా, ఇది కచ్చితంగా శ్రీశ్రీదే అని చాలామంది అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు. రాసింది ఆత్రేయ.

దీనికి రివర్స్ కూడా ఉంది. 1964లో వచ్చిన డాక్టర్ చక్రవర్తిలో మనసు గురించి, తోడు గురించి ఓ మెత్తని పాట ఉంది. మనసు అన్న మాట వినిపించింది కాబట్టి అది ఆత్రేయదే అని జనం ఫిక్స్ అయిపోయారు. అది శ్రీశ్రీ రాసిన పాట! మళ్లీ 1981లో ఆకలి రాజ్యం వచ్చింది. ఆ సినిమా నిండా కమల్ హాసన్ శ్రీశ్రీ కవితలే చదువుతుంటాడు. దాంతో తిండికి గతిలేని నిరుద్యోగులు ఎగతాళిగా పాడుకునే పాట కూడా శ్రీశ్రీ లెక్కలోకి వెళ్లిపోయింది. అది ఆత్రేయది. జైలు చూసి, గుమాస్తాగిరీ చేసి, ఎన్.జి.ఓ రాసిన మనిషికి ఆకలి గురించి రాయడం కొత్తేమీ కాదు. మనసు కవి అనే ముద్ర ఎంత గట్టిగా పడిందంటే, ఆయన రాసిన మిగతా సగం ఆ ముద్ర కింద కనిపించకుండా పోయింది.

ఆ ఇద్దరి మధ్య పోటీ ఉండేదనుకుంటే పొరపాటు. 1961లో ఆత్రేయ డైరెక్ట్ చేసిన ఏకైక సినిమా వాగ్దానం వచ్చింది. డైరెక్టర్ తనే కదా, పాటలన్నీ తనే రాసేసుకోవచ్చు. కానీ అందులోని హరికథను శ్రీశ్రీతో రాయించారు. తెలంగాణ నుంచి వచ్చిన దాశరథితో ఓ ప్రేమ పాట రాయించారు. ఆ రెండూ ఆ సినిమాలో బాగా నిలబడ్డ పాటలు. డైరెక్టర్‌గా మాత్రం ఆత్రేయ మళ్లీ మెగాఫోన్ పట్టలేదు.

మామ ట్యూన్‌కి ముందే మాట

1960లు ఆయన స్వర్ణయుగం. డైరెక్టర్ ఆదుర్తి సుబ్బారావు, మ్యూజిక్ డైరెక్టర్ కె.వి.మహదేవన్, పాట ఆత్రేయ. ఈ కాంబినేషన్ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ కళ్లు మెరుస్తుండగా చెప్తారు. ఇండస్ట్రీ అంతా మామ అని పిలుచుకున్న మహదేవన్‌కి ఓ పద్ధతి ఉండేది. సాధారణంగా ఆయన ట్యూన్ ముందు కట్టరు. పాట కాగితం మీద వచ్చాకే, ఆ మాటల నడకను బట్టి వరస కడతారు. ఆత్రేయ లాంటి నాటకాల మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మాట ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆయనే నిర్ణయించుకోవచ్చు.

1962లో వచ్చిన మంచి మనసులులో హీరో చూపులేని భార్యను హంపీ తీసుకెళ్తాడు. అక్కడి రాతి శిల్పాలను ఆమెకు పాటలో వర్ణించి చెప్తాడు. ఒక్కసారి ఆలోచించండి. ప్రేక్షకుడికి శిల్పం తెర మీద కనిపిస్తూనే ఉంది. ఆమెకు మాత్రం పాటే కళ్లు. చూసేవాడికి బోర్ కొట్టకూడదు, చూడలేని మనిషికి అన్నీ కనిపించాలి. ఇంత చిక్కు సీన్‌ని మామూలు ఇంటి మాటలతో దాటించేశారు. నాటకం రాసే చెయ్యి కనుకే అది సాధ్యమైంది.

1964లో మూగమనసులు వచ్చింది. గోదావరి మీద పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధ. పాట నేర్పించమని ఆమె అడిగితే అతను పల్లె యాసలో పాడి వినిపిస్తాడు. ఆమె చదువుకున్న భాషలో తిరిగి పాడుతుంది. అలా కాదు, మా మాట ఇలా అనాలి అని అతను సరిదిద్దుతాడు. పైకి సరదా సీనే. కానీ పుస్తకాల తెలుగు ఒక మెట్టు దిగి, పడవవాడి తెలుగు దగ్గర పాఠం నేర్చుకుంటోంది అందులో. నెల్లూరు సీమ మనిషి గోదావరి యాసను అంత నమ్మకంగా రాయడం మామూలు విషయం కాదు. ఈ సినిమానే హిందీలో మిలన్ పేరుతో 1967లో తీశారు.

దీక్ష తీసిన కె.ఎస్.ప్రకాశరావే సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1971 సెప్టెంబర్ 24న ప్రేమనగర్ ఇచ్చారు. కోడూరి కౌసల్యాదేవి నవల, మహదేవన్ సంగీతం, మాటలు, పాటలు ఆత్రేయ. అప్పటికి నష్టాల్లో ఉన్న రామానాయుడికి ఈ సినిమా ఆడకపోతే ఇక నిర్మాణమే లేదన్న పరిస్థితి. ఆడింది, అదీ మామూలుగా కాదు. సురేష్ ప్రొడక్షన్స్ ఇవాళ ఉందంటే ఆ సినిమా పుణ్యమే. హీరోయిన్ వాణిశ్రీ కూడా నెల్లూరు ఆడపడుచే అన్నది ఇక్కడి అభిమానులు కాలర్ ఎగరేసి చెప్పుకునే ముచ్చట. తాగుడుకు బానిసైన కల్యాణ్, లత కోసం కట్టిన మేడలో ఒంటరిగా మిగిలిపోయి పాడే పాటల్ని ఆ రోజుల్లో ప్రేమలో ఫెయిలైన ప్రతి కుర్రాడూ సొంతం చేసుకున్నాడు. తర్వాత అదే కథ తమిళంలో వసంత మాళిగై అయింది, హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ ప్రేమ్‌నగర్ అయింది. తమిళంలో అవే సీన్లకు కన్నదాసన్ పాటలు రాశారు. రెండు భాషలూ వచ్చిన నెల్లూరు, సూళ్లూరుపేట వైపు జనం రెండు వెర్షన్లూ పోల్చుకుని వాదించుకోవడం ఓ కాలక్షేపం. ఎవరు గెలిచారనేది తేలే వాదన కాదు.

రాస్తే ఒక ఏడుపు, రాయకపోతే ఇంకో ఏడుపు

ఆత్రేయ గురించి ఇండస్ట్రీలో అందరికీ తెలిసిన జోక్ ఒకటుంది. ఆయన రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తారు, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తారు అని. పాట ఇస్తానన్న రోజుకి ఇచ్చింది తక్కువ. మద్రాసులో రూములు బుక్ చేసి, భోజనాలు పెట్టి, ఆయన కలం కదిలేదాకా బయట కాపలా కాసిన నిర్మాతల కథలు బోలెడు. రికార్డింగ్ థియేటర్లో వాయిద్యాల వాళ్లు రెడీగా కూర్చుంటారు, పాట మాత్రం రాదు. చివరి నిమిషంలో వచ్చేది. వచ్చాక మాత్రం అప్పటిదాకా తిట్టుకున్నవాళ్లే నోరు మూసుకునేవారు.

దీన్ని సరదా కథలా చెప్పుకుంటాం కానీ, స్టూడియోకి అద్దె కట్టే నిర్మాతకు అందులో సరదా ఏమీ ఉండదు. ఆలస్యం వల్ల ఆయనకు చేజారిన పాటలు కూడా ఉండే ఉంటాయి. అయితే ఒకటి. అంత తేలికైన మాటలు దొరకడానికే అంత టైమ్ పట్టేదేమో. కష్టమైన పదం వెంటనే దొరుకుతుంది. అందరూ రోజూ వాడే పదమే, ఇంకెవరూ పెట్టని చోట పెట్టాలంటే కూర్చోవాలి.

అభిమానులు పెద్దగా మాట్లాడని చాప్టర్ ఇంకొకటి ఉంది. డబుల్ మీనింగ్ పాటలు. ఆయన వాటిని కూడా ధారాళంగా రాశారు. ఆ రోజుల్లోనే విమర్శకులు కోపంగా ఆయన పేరును మార్చి బూత్రేయ అని వెక్కిరించారు. ఆ వెక్కిరింపులో న్యాయం లేదని కొట్టిపారేయడం కుదరదు. అవి డబ్బు కోసం రాసిన పాటలు, అలాగే వినిపిస్తాయి. అప్పట్లో ఊపు ఊపిన వాటిలో చాలా పాటలు ఇవాళ ఎవరి స్టేటస్‌లోనూ కనిపించవు. మిగిలింది మనసు పాటలే. వడపోత ఆయన చేయలేదు, జనమే చేశారు.

తెర మీద కూడా ఓసారి కనిపించారు. 1974లో శోభన్ బాబు హీరోగా వచ్చిన కోడెనాగులో శిష్యుడి కోసం తపించే మాస్టారి వేషం ఆయనదే. ఆత్రేయ ఎలా ఉండేవారో చూడాలనుకునేవాళ్లకి ఆ సినిమా ఓ మంచి దారి.

ట్యూన్ ముందొచ్చిన రోజులు

1970లు సగం దాటేసరికి పద్ధతి మారిపోయింది. ట్యూన్ ముందు, మాట తర్వాత. యాభై దాటిన రచయితలు చాలామంది ఇక్కడే వెనకబడ్డారు. ఆత్రేయకు మాత్రం ఇక్కడే రెండో ఇన్నింగ్స్ మొదలైంది. దానికి కారణం కె.బాలచందర్. 1976లో అంతులేని కథ, 1978లో మరో చరిత్ర, 1979లో గుప్పెడు మనసు, ఇది కథ కాదు, 1981లో ఆకలి రాజ్యం, తొలికోడి కూసింది. చాలావాటికి సంగీతం ఎం.ఎస్.విశ్వనాథన్.

మరో చరిత్ర బ్లాక్ అండ్ వైట్ సినిమా. కలర్ వచ్చేసిన కాలంలో విశాఖ, భీమిలి తీరాన్ని నలుపు తెలుపుల్లో తీశారు. తెలుగు అమ్మాయి, తమిళ అబ్బాయి. అతనికి తెలుగు సరిగ్గా రాదు. ఆ ఇబ్బందినే ఆత్రేయ ఆటగా మార్చారు. లిఫ్ట్‌లో ఇరుక్కున్న జంటకు సినిమా పేర్లతోనే మొత్తం పాట అల్లి ఇచ్చారు. భాష తెలియని వాడికి కూడా సినిమా పేర్లు తెలుసు కదా! అదే ఐడియా తర్వాత హిందీ వెర్షన్ ఏక్ దూజే కే లియేలో దేశమంతా పాకింది.

ఆకలి రాజ్యంలోని యుగళగీతం అయితే ఈ తరం తప్పకుండా మళ్లీ చూడాలి. శ్రీదేవి నోటితో వరస అందిస్తుంది, కమల్ హాసన్ అక్కడికక్కడే దానికి మాటలు కట్టి పాడతాడు. ఆమె వరస మారుస్తూ అతన్ని ఇరికించాలని చూస్తుంది, అతను తప్పించుకుంటాడు. బాలు, జానకి గొంతులు. పాట రాసేవాడి పని ఎలా ఉంటుందో పాటలోనే చూపించిన పాట అది. ట్యూన్ ఇచ్చి టైమ్ ఇవ్వకపోతే రచయిత ఏం పడతాడో ఆత్రేయ కంటే బాగా ఎవరికి తెలుసు? తొలికోడి కూసింది పాటకు ఆయనకు ఉత్తమ గీత రచయితగా నంది అవార్డు వచ్చింది.

అప్పటికి అరవై ఏళ్లు. ఇక్కడితో ఆగిపోయినా చాలు అనుకునే వయసు. 1988లో అభినందన వచ్చింది. ఇళయరాజా ట్యూన్లు, డైరెక్టర్ అశోక్ కుమార్, హీరో కార్తీక్, హీరోయిన్ శోభన. పాటలన్నీ ఆత్రేయ. ప్రేమించిన అమ్మాయి దూరమైన కుర్రాడి బాధను అరవై దాటిన వయసులో రాశారు. క్యాసెట్ల కాలంలో టేపు అరిగిపోయేదాకా విన్నారు. ఆ తర్వాత సీడీ, ఎంపీత్రీ, మెమరీ కార్డు, ఇప్పుడు రీల్స్. అన్నిట్లోకీ ఆ పాటలు నడుచుకుంటూ వచ్చేశాయి. 1989లో వెంకటేష్ హీరోగా ప్రేమ వచ్చింది. మళ్లీ ఇళయరాజా, మళ్లీ ఆత్రేయ, మళ్లీ హిట్.

అదే ఏడాది సెప్టెంబర్ 13న మద్రాసులో ఆత్రేయ కన్నుమూశారు. వయసు 68.

రాసినవి దాచుకునే అలవాటు ఆయనకు లేదు. పాట ఇచ్చేశాక కాగితం ఎటుపోయిందో పట్టించుకునే మనిషి కాదు. అందుకే ఆయన పోయాక ఆ పని స్నేహితుడు, నటుడు కొంగర జగ్గయ్య భుజాన వేసుకున్నారు. సినిమా సినిమా వెతికి, నాటకాలు, పాటలు పోగుచేయించి ఆత్రేయ సాహితి పేరుతో సంపుటాలుగా తెచ్చారు. జగ్గయ్య అంటే మనకు ఆ కంచు గొంతే గుర్తొస్తుంది. కానీ ఆ పుస్తకాలే లేకపోతే ఏ పాట ఎవరిదో తేల్చుకునే ఆధారం కూడా ఉండేది కాదు.

నెల్లూరు జిల్లాలో పాత తరం నాటకాల వాళ్లను కదిపితే ఇప్పటికీ ముందు ఎన్.జి.ఓ గురించే చెప్తారు, పాటల సంగతి తర్వాత. యాభై ఏళ్లు దాటినవాళ్లు మూగమనసులు, ప్రేమనగర్ దగ్గర ఆగిపోతారు. వాళ్ల పిల్లలకు అభినందన. మనవళ్లకు అందులోంచి ముప్పై సెకన్ల ముక్క. ఏటా మే 7న, సెప్టెంబర్ 13న అభిమానులు ఆయన పాటలు పోస్ట్ చేస్తారు, గ్రూపుల్లో పంచుకుంటారు. ఆ లిస్టుల్లో డాక్టర్ చక్రవర్తి పాట కూడా ఒక్కోసారి దూరిపోతుంది. పాపం శ్రీశ్రీ!